ఇంటర్‌సెప్టర్ 650కి ముందు స్ప్రింగులు మార్పించాను, మన వైజాగ్ రోడ్లకి ఇది చాలు

ముందే తేల్చి చెప్పేస్తా, ఓపిక లేనివాళ్ళు ఈ పేరాతో ఆగిపోవచ్చు. ఒళ్ళు కాస్త భారీగా ఉండి, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ లాంటి 650 ట్విన్ (రెండు సిలిండర్ల బండి) తోలుతూ, బ్రేక్ వేసిన ప్రతిసారీ ముందు భాగం దిగబడిపోతోందని విసుక్కుంటున్నారా, ఒక జత ప్రోగ్రెసివ్ స్ప్రింగులు (నొక్కేకొద్దీ గట్టిపడేవి), ఫోర్క్ ఆయిల్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల్లో పోసేది), అది కారకుండా ఆపే కొత్త సీళ్ళు చాలు. అన్నీ కలిపి నాకు పన్నెండు వేల లోపే తేలింది. ఫోర్క్ లోపలి సరంజామా మార్చేసే ఖరీదైన కాట్రిడ్జ్ కిట్ల జోలికి వెళ్ళక్కర్లేదు. కాకపోతే వాటిని ఎవరి చేత బిగించుకుంటున్నామన్నది స్ప్రింగు ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం, అందుకే ఈ రివ్యూలో సగం మేస్త్రీ గురించే ఉంటుంది.

బండికి ముందు 41 మిల్లీమీటర్ల టెలిస్కోపిక్ ఫోర్కులు, ట్రావెల్, అంటే ఫోర్క్ కిందికీ పైకీ కదిలే దూరం, 110 మిల్లీమీటర్లు. ఇందులో కంపెనీని తిట్టడానికేం లేదు, ఏ బండికైనా సగటు బరువున్న మనిషిని దృష్టిలో పెట్టుకునే స్ప్రింగు ఇస్తారు, నేనేమో జాకెట్టూ హెల్మెట్టూ బూట్లూ వేసుకుంటే 95 కిలోలు. ఫోర్క్ పైపుకి జిప్ టై కట్టి కొలిస్తే, ఊరికే ఎక్కి కూర్చోగానే 45 మిల్లీమీటర్లు దిగిపోయింది. దీన్ని శాగ్ అంటారు, రోడ్డు మీద తిరిగే బండికి మొత్తం ట్రావెల్‌లో పావు వంతు నుంచి మూడో వంతు లోపు ఉండాలి, అంటే ఈ ఫోర్కుకి సుమారు 28 నుంచి 37. నాకు మిగిలింది 65, బ్రేకూ, గుంతా, స్పీడ్ బ్రేకరూ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

సిటీలో ఇదంత తెలీదు. అరకు నుంచి దిగేటప్పుడు తెలుస్తుంది. గాలికొండ దాటి అనంతగిరి వైపు వచ్చే మలుపుల్లో ముందు బ్రేక్ గట్టిగా పడితే ఫోర్క్ దాదాపు అడుక్కి వచ్చేస్తుంది, సరిగ్గా అప్పుడే వానకి కోసుకుపోయిన గుంత ఒకటి చక్రం కింద పడిందా, మణికట్టు దాకా ఠక్కుమని కొడుతుంది. వెనక ఇంటావిడ కూర్చుని ఉంటే ఆవిడ హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి తగిలేది, ఆ మాట ఇంటికొచ్చాక కూడా వినాల్సి వచ్చేది.

దీనికి అందరూ చెప్పే చిట్కాలు రెండున్నాయి. ఒకటి, స్ప్రింగు పైన పీవీసీ పైపు ముక్క పెట్టి ప్రీలోడ్ పెంచడం, అంటే స్ప్రింగుని ముందే కొంత నొక్కి ఉంచడం. దీనివల్ల బండి ముందు భాగం కొంచెం పైకి లేస్తుంది, శాగ్ తగ్గుతుంది, కానీ స్ప్రింగు గట్టిదనం ఎంతుందో అంతే ఉంటుంది, మెత్తని స్ప్రింగు మెత్తనిదే. రెండోది, చిక్కటి ఆయిల్ పోయడం. ఇది ఇంకా చిక్కు. ఈ ఫోర్కుల్లో ఉండేది పాతకాలపు డ్యాంపర్ రాడ్, కొన్ని రంధ్రాలున్న గొట్టం, అంతే. సిరంజిలో నీళ్ళు నెమ్మదిగా నొక్కితే హాయిగా పోతాయి, ఒక్కసారిగా నొక్కితే బొటనవేలు నొప్పి పుడుతుంది, ఇక్కడా అదే లెక్క. మెల్లగా దిగేటప్పుడు, అంటే బ్రేక్ వేసినప్పుడు, ఆయిల్ రంధ్రాల్లోంచి సులువుగా జారిపోతుంది కాబట్టి ఆపేది పెద్దగా ఏమీ ఉండదు. నిలువు అంచున్న గుంత తగిలితే మాత్రం వేగం వల్ల ఆయిల్ పోవడానికి దారి చాలక ఫోర్క్ బిగుసుకుంటుంది. ఆయిల్ చిక్కబడే కొద్దీ ఈ బిగుసుకోవడం ముదురుతుంది, పైగా ఫోర్క్ తిరిగి పైకి రావడం కూడా ఆలస్యమై, వరసగా గతుకులొచ్చినప్పుడు కిందే ఉండిపోతుంది. 20 డబ్ల్యూ (ఆయిల్ చిక్కదనం అంకె) పోయించుకో అని చెప్పేవాళ్ళ మాట వినకండి, దయచేసి.

మార్కెట్లో థాయ్‌లాండ్ వైఎస్ఎస్, నెదర్లాండ్స్ హైపర్‌ప్రో, స్వీడన్ ఓలిన్స్ ఇలా పేర్లు చాలా వినిపిస్తాయి. ఎమ్యులేటర్ వాల్వులని ఇంకో దారి ఉంది, డ్యాంపర్ రాడ్ పైన ఓ వాల్వు కూర్చోబెడతారు, మంచిదే, కానీ చాలావాటికి రాడ్ రంధ్రాల్ని డ్రిల్ చేసి పెద్దవి చేయాలి, ఒకసారి చేశాక వెనక్కి రాలేం, అంత ధైర్యం నాకు లేదు. స్ప్రింగులయితే నచ్చకపోతే పాతవి వేసేసుకోవచ్చు. నా స్ప్రింగులు ఏ కంపెనీవో ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే రాస్తే అందరూ పేరు చూసి కొంటారు, చూడాల్సింది స్ప్రింగు రేటు, అంటే దాని గట్టిదనం. మీ బరువు అడిగి ఫలానా రేటు అని చెప్పి ఇచ్చేవాడి దగ్గర కొనండి, 'అన్ని బరువులకీ సెట్ అవుద్ది సార్' అనేవాడి దగ్గర వద్దు.

ఇక మేస్త్రీ. అక్కయ్యపాలెంలో లోపలి వీధి, చిన్న షెడ్డు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. అంతకుముందు ఊళ్ళోనే ఇంకో చోట, పేరెందుకులెండి, ఫోర్క్ ఆయిల్ మార్పిస్తే కొలత లేకుండా డబ్బా వంచేసి పోశారు, నెల తిరగకుండానే ఓ పక్క సీలు కారడం మొదలైంది. ఆ సంగతి చెప్తే ఈయన ఫోర్క్ వైపు చూస్తూ, "ఏటి బాబూ, కొలత లేకండా పోసేస్తే ఎలాగ? లోపలున్న గాలి కూడా స్ప్రింగే" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నాకు నమ్మకం కుదిరింది. ఆయిల్ పైన మిగిలే గాలి ఖాళీ తగ్గేకొద్దీ ఫోర్క్ చివర్లో గాలి నలిగి బిగుసుకుంటుంది, మరీ తగ్గితే ఆ ఒత్తిడి సీలు మీద పడుతుంది. ఇది తెలిసిన మెకానిక్ దొరకడం మన ఊళ్ళో అంత తేలిక కాదు.

పని చేసిన తీరు చెప్తాను, మీరు ఇంకెక్కడ చేయించుకున్నా పక్కన నిలబడి ఇవి చూసుకోండి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీ ఎక్కించాడు. కాలిపర్‌ని బ్రేక్ హోసు మీద వేలాడదీయకుండా తీగతో కట్టాడు, ఏబీఎస్ సెన్సర్ వైరు ముందే పక్కకి తీశాడు. ఫోర్క్ బయటికి లాగకముందే పై క్లాంపు బోల్టు వదులు చేసి, కింది క్లాంపు పట్టుకుని ఉండగానే పైమూత లూజు చేశాడు, ఇది మర్చిపోతే తర్వాత వైసులో పెట్టి పైపు మీద గీతలు పెడతారు. పాత ఆయిల్ బూడిద రంగులో వచ్చింది, కంపు భరించలేం. పైపుల్ని తుడిచి గోటితో పై నుంచి కింద దాకా రాసి చూశాడు, గోరు ఎక్కడైనా తట్టుకుంటే కొత్త సీలు వేసినా దండగే అట. కొత్త ఆయిల్ 10 డబ్ల్యూ పోసి, కింద మీద ఆడించి గాలి బుడగలు పోనిచ్చి, స్ప్రింగు లేకుండా ఫోర్కుని పూర్తిగా నొక్కేసి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలిచాడు, ఎక్కువైంది సిరంజికి సన్న ట్యూబు తగిలించి లాగేశాడు. స్ప్రింగుతో వచ్చిన కాగితంలో ఉన్న కొలతే, రెండు పక్కలా అదే. స్ప్రింగులో దగ్గరదగ్గరగా ఉండే ఒత్తు చుట్లు పైకా కిందికా అని నేను అడిగితే నవ్వి పైకే పెట్టాడు, ఎటు పెట్టినా గట్టిదనం ఒకటే, పైకి పెడితే చక్రంతో పాటు కదిలే బరువు కాస్త తగ్గుతుంది, అంతే.

చివర్లో ఆయన చేసిన ఓ చిన్న పని నాకు బాగా నచ్చింది. చక్రం బిగించాక ఇరుసు దగ్గర క్లాంపు బోల్టు వెంటనే బిగించలేదు. బండిని కిందికి దించి, ముందు బ్రేక్ పట్టి నాలుగు సార్లు గట్టిగా నొక్కి, ఫోర్కు గొట్టాలు రెండూ సమంగా సర్దుకున్నాక అప్పుడు బిగించాడు. ఇది చేయకపోతే ఫోర్కులు ఒకదానికొకటి పట్టేసి, కొత్త స్ప్రింగు మీద నింద పడుతుంది.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, శాగ్ 33కి వచ్చింది. ఎన్ఏడీ జంక్షన్ నుంచి గాజువాక వైపు లారీల మధ్య ఆగుతూ పోతూ వెళ్ళేటప్పుడు ముందు భాగం ఊగిసలాట బాగా తగ్గింది. భీమిలి బీచ్ రోడ్డులో రుషికొండ దాటాక వచ్చే వంపుల్లో బ్రేక్ వదులుతూ మలుపు తిరిగితే హ్యాండిల్ ఒకే తీరుగా ఉంటోంది, ఇంతకుముందు ఫోర్క్ పైకి లేచిన కొద్దీ బండి గీత తప్పేది. ఘాట్ దిగేటప్పుడు మొదట్లో కాస్త దిగి, తర్వాత ఆగుతుంది. పూర్తిగా దిగకుండా ఉండాలని ఆశించకండి, కొంత దిగితేనే బండి మలుపుకి తిరుగుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. నిలువు అంచు గుంతలు, ఫ్లైఓవర్ మీద జాయింట్లు ఇప్పటికీ చేతికి తెలుస్తాయి, డ్యాంపర్ రాడ్ అదే కదా, స్ప్రింగు దాన్ని మార్చలేదు. ముందు బాగుపడేసరికి వెనక లోపం బయటపడింది, ఇద్దరం ఎక్కితే వెనక భాగం బాగా కూర్చుంటోంది, అంటే ఇంకో ఖర్చు. ఒంటి మీద బరువు 65 కిలోల లోపున్నవాళ్ళు ఈ స్ప్రింగులు అసలు వేయించుకోవద్దు, ఉన్నవాటికే సరైన కొలతలో ఆయిల్ మార్పించుకుంటే సరిపోతుంది.

బీచ్ దగ్గర ఉండేవాళ్ళకి ఒక మాట. పెదవాల్తేరు, ఎండాడ వైపు బండి బయట పెడితే ఉప్పు గాలికి ఫోర్క్ పైపుల మీద సన్న చుక్కలు పడతాయి, వాటికే సీళ్ళు చిరుగుతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక కాస్త సిలికాన్ స్ప్రే రాయండి చాలు. సీలు కొంచెం చెమరిస్తుంటే వెంటనే మార్చక్కర్లేదు, పైన డస్ట్ సీల్ ఎత్తి, సన్నటి ప్లాస్టిక్ రేకు అంచు కిందికి పోనిచ్చి చుట్టూ తిప్పితే ఇరుక్కున్న ఇసుక రేణువు బయటికొచ్చేస్తుంది, చాలాసార్లు కారడం అక్కడితో ఆగిపోతుంది.

మేస్త్రీతో ఇబ్బంది ఒకటే, టైము. పొద్దున్న ఇస్తే సాయంత్రం అన్నాడు, మర్నాడు మధ్యాహ్నం అయింది. బిల్లు కాగితం అడిగితే అట్ట ముక్క మీద రాసిచ్చాడు. ఫోర్క్ ఆయిలూ సీళ్ళూ ఆయన దగ్గర ఉండవు, మీరే కొని తీసుకెళ్ళాలి. శనివారం మాత్రం వెళ్ళకండి, అరకు వెళ్ళే కుర్రాళ్ళ బళ్ళతో షెడ్డు నిండిపోయి ఉంటుంది.