పర్లాకిమిడిలో మార్క్ 2 అంబాసిడర్: మార్చాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

మా ఇంట్లో ఉన్నది 1971 మోడల్ అంబాసిడర్ మార్క్ 2, పెట్రోల్ బండి. మా మేనమామది, ఆయన తర్వాత నాకొచ్చింది. అప్పటి నుంచి పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, పలాస, ఎప్పుడైనా బరంపురం దాకా తిప్పుతూనే ఉన్నాను. షెడ్డులో ముసుగేసి దాచుకునే బండి కాదు, అలాగని రోజూ తీసేదీ కాదు. చాలా ఏళ్లు వాడాక రాస్తున్నాను కాబట్టి ఇందులో పొగడ్త కొంచెం తక్కువే ఉంటుంది.

దీన్ని ఏం చేయాలన్న దాని మీద మా ఇంట్లో రెండు పార్టీలు. మా అబ్బాయిది భువనేశ్వర్‌లో ఉద్యోగం. వాడి లిస్టు పెద్దది: జపాన్ కంపెనీ ఇసుజు ఇంజను, ఫ్లోరు మీద లివరుతో ఐదు గేర్లు, పవర్ స్టీరింగ్, ఏసీ, అల్లాయ్ వీల్స్, పైన మ్యాట్ నలుపు. "షేపు అలాగే ఉంటుంది కదా నాన్నా, మిగతాది మారిస్తే ఏం పోయింది" అంటాడు. మా మావయ్య కొడుకు ఇంకో కొస. స్క్రూ కూడా మార్చకూడదు, టైరు సైజు కూడా అప్పటిదే ఉండాలి అంటాడు. ఆయన బండి నడపడు, వచ్చినప్పుడు చూసి వెళ్తాడు. ఇద్దరి మాటా నేను పూర్తిగా వినలేదు.

ముందు బండి సంగతి. 1489 సీసీ ఇంజను, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) డిజైన్. యాభై హార్స్‌పవర్‌కి అటూ ఇటూ ఉంటుంది. నాలుగు గేర్లు, లివరు స్టీరింగ్ పక్కన. ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ లేదు, అంటే కదులుతుండగా గేరు పళ్ల వేగాన్ని కలిపే ఏర్పాటు లేదు, అందుకని బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్‌లో వేయాలి. తొందరపడితే గరగరమని వీధంతా తిరిగి చూస్తుంది. అరవై, అరవై అయిదులో హాయిగా పోతుంది. ఎనభై దాటిస్తే పక్కవాళ్లతో మాట్లాడాలన్నా అరవాలి. లీటరుకి తొమ్మిది, పది కిలోమీటర్లు వస్తే బాగా ఇచ్చినట్టే లెక్క. ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పెడతాయి గానీ, కదిలాక తేలికైపోతుంది.

గోతుల రోడ్డు మీద మాత్రం దీనికి సాటి లేదు. వానాకాలం అయ్యాక ఆర్. ఉదయగిరి వైపు వెళ్లిన వాళ్లకి రోడ్డు సంగతి తెలిసే ఉంటుంది. ముందు స్ప్రింగుల్లా మెలితిరిగే కడ్డీలు (టార్షన్ బార్లు), వెనక కమాను పట్టీలు, పదిహేను అంగుళాల చక్రాలు. కొత్త కారులో నడుం పట్టుకునే చోట ఇందులో వెనక సీటులో పెద్దవాళ్లు నిద్రపోతారు. ముగ్గురు కూర్చున్నాక కూడా కాళ్ల దగ్గర పెళ్లివారి అరిసెల డబ్బాకి చోటుంటుంది. వెనక సీటు గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే.

ఇక ఇసుజు సంగతి. బరంపురంలో ఉన్న మా స్నేహితుడు తన మార్క్ 2కి ఈ ఇంజను దించాడు. 1992లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌లో వచ్చిన 1817 సీసీ ఇంజను ఇది, దానికి ఐదు గేర్ల బాక్సు. నేను నడిపాను. నిజం చెప్పాలంటే ప్రయాణానికి నా బండి కంటే అదే బాగుంది. ఇచ్ఛాపురం దాటి హైవే ఎక్కితే లారీలను ధైర్యంగా ఓవర్‌టేక్ చేస్తుంది. గేరు వెన్నలా పడుతుంది. అక్కడికక్కడే "నాకూ ఇదే కావాలి" అనిపించింది.

తర్వాత బండి కిందికి వంగి చూశాను. గేరు లివరు కోసం ఫ్లోరు కోశారు. ఇంజను కూర్చోడానికి పాత బ్రాకెట్లు కట్ చేసి కొత్తవి వెల్డ్ చేశారు. చాలామంది మర్చిపోయేది ఏమిటంటే, అంబాసిడర్‌కి జీపుకున్నట్టు విడి ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. ఫ్లోరు కోయడమంటే బరువు మోసేదాన్నే కోయడం. కంపెనీ కూడా ఇదే ఆకారంలో ఇసుజు పెట్టింది కదా అంటారు. పెట్టింది, కానీ దానికి తగ్గట్టు ఫ్యాక్టరీలో చేసి ఇచ్చింది. ఊళ్లో గ్యాస్ కట్టర్‌తో చేసే పని వేరు. మా స్నేహితుడి బండికి ఇప్పుడు కుడి వెనక డోరు కాస్త పైకెత్తి వేస్తేగానీ పడటం లేదు. కోసినందువల్లే అలా అయిందని ప్రమాణం చేయలేను. కోయక ముందు మాత్రం అలా లేదు.

కాగితాల గొడవ ఇంకోటి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, ఇంజను మార్చాలంటే ముందే అనుమతి కావాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. నా స్నేహితుడు అనుమతి లేకుండానే మార్చాడు. రెన్యూవల్‌కి వెళ్లినప్పుడు ఇంజను నంబరు ఆర్సీతో కలవలేదు, బండి ఇంట్లో కూర్చుంది. పాత ఇంజను తిరిగి పెట్టేద్దామంటే దాన్ని అప్పుడే తుక్కు కింద అమ్మేశాడు.

యాభై ఏళ్లు దాటిన బండ్లకి వేరే దారి కూడా వచ్చింది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల రూల్స్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. షరతు ఒకటే, కానీ గట్టిది: ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. నా బండి అర్హతలో ఉంది. అయినా నేను తీసుకోలేదు. ఎందుకంటే ఆ నంబరు మీద మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీకో, ఎగ్జిబిషన్‌కో, మరమ్మతుకో, పెట్రోలు పోయించుకోవడానికో మాత్రమే. టెక్కలిలో పెళ్లికి వెళ్లడం ఆ జాబితాలో లేదు. అందుకని మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటున్నాను. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కార్లకి 5,000 ఉండేది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. ఏడుపొస్తుంది గానీ కడతాను. రేపు మా వాడు ఈ బండిని వింటేజ్ కింద పెట్టుకోవాలనుకుంటే ఆ తలుపు తెరిచే ఉండాలి, ఇసుజు దించితే మూసుకుపోతుంది.

ఇవన్నీ చూశాక నాకు నేనే ఒక గీత గీసుకున్నాను. స్పానర్‌తో బిగించి, మళ్లీ స్పానర్‌తో విప్పగలిగేది ఏదైనా సరే. కట్టర్, వెల్డింగ్ బాడీకి తగలకూడదు. విప్పిన పాత సామాను ఒక్కటి కూడా బయటకి పోకూడదు. మా అటక మీద ఇనప పెట్టెలో డైనమో నూనె గుడ్డలో చుట్టి ఉంది, పాత హెడ్‌లైట్లు ఉన్నాయి, ఒరిజినల్ హారన్ ఉంది. మా ఆవిడకి ఆ పెట్టె అంటే మంట.

ఈ గీతకి లోబడి చేయించిన వాటిలో మొదటిది బ్రేకులు. పాతపట్నం నుంచి వచ్చే మా మిస్త్రీ పెద్దాయన బండి చూసి అన్న మాట ఇది: "ఇంజనుకేటీ కాలేదు బాబూ. పరిగెత్తడం దీనికొచ్చు, ఆగడవే రాదు. ముందది సూడండి." నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. పైగా ఆ కాలపు బండికి ఒకటే సర్క్యూట్, ఒక్క హోసు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. తప్తపాణి ఘాటు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలేసి దిగితే డ్రమ్ములు వేడెక్కి పెడల్ ఊరికే కిందికి పోతుంది. అందుకని పెడల్ తేలిగ్గా నొక్కుకునేలా చేసే వ్యాక్యూమ్ బూస్టర్ పెట్టించాను, హోసులు, వీల్ సిలిండర్ రబ్బరు కప్పులు పాడయ్యేదాకా ఆగకుండా మారుస్తాను. ఘాటులో మాత్రం ఇప్పటికీ సెకండ్ గేరులోనే దిగుతాను. బూస్టర్ కాలికి సుఖం ఇస్తుందే గానీ డ్రమ్ముని చల్లబరచదు.

డైనమో తీసి ఆల్టర్నేటర్ వేశాను. డైనమో అయితే బండి నిలబడి ఉన్నప్పుడు చార్జింగ్ ఉండదు, రాత్రి రైల్వే గేటు దగ్గర ఆగితే లైట్లు దీపం బుడ్లయిపోయేవి. ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లే కాబట్టి హాలోజన్ సులువుగా కూర్చుంది. ఎక్కువ కరెంటు స్విచ్చి మీద పడకుండా చూసే రిలే పెట్టకుండా వేస్తే మాత్రం పాత స్విచ్చి కాలిపోతుంది, జాగ్రత్త. ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టివి వేయించాను. ఈ ఇంజను సీసం కలిసిన పెట్రోలు రోజుల్లోది. 2000లో దేశమంతటా అది ఆగిపోయింది, మెత్తటి సీట్లు అరిగిపోతాయి. ఇది బయటకి కనబడని మార్పు, ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

ప్లగ్గుల్లో నిప్పురవ్వ కోసం కరెంటుని కలుపుతూ తెంచే సీబీ పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టమని చాలామంది చెప్పారు. పెట్టలేదు. ఓసారి మోహన ఊరు దాటాక జోరు వానలో బండి మొరాయించింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి చెమ్మ తుడిచాను. పాయింటు మీద ఆవగింజంత నల్లటి మచ్చ. ఎమరీ కాగితంతో రెండుసార్లు గీకి, సందు కొలిచే ఫీలర్ గేజి దూర్చి పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) సందు చూసుకుని మూత పెడితే సెల్ఫ్‌కి అందుకుంది. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ అలాంటి చోట పోతే తువ్వాలు నెత్తినేసుకుని బస్సు కోసం చూడటమే.

పెట్రోలు మాత్రం కొత్త టెన్షన్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపు లోపలి పొర (డయాఫ్రం) దానికి తట్టుకోవు, మెత్తబడి పగులుతాయి. పైపులన్నీ ఇథనాల్‌కి ఆగే రకం వేయించాను. పంపు కిట్టు డిక్కీలో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంటుంది. నెలల తరబడి నిలబెట్టాల్సి వస్తే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచను. ఏప్రిల్, మే ఎండల్లో పంపు వేడెక్కి పెట్రోలు అందకపోవడం పాత జబ్బే. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగడం పాత మందే. డ్రైవర్లందరికీ తెలుసు.

ఏసీ వద్దన్నాను. ఇంత చిన్న ఇంజను మీద కంప్రెసర్ భారం వేయడం ఒకటి, డాష్‌బోర్డు వెనక రేకుకి పెద్ద కన్నాలు పెట్టాల్సి రావడం ఇంకోటి. ముందు డోర్ల ముక్కోణం అద్దాలు సగం తిప్పితే గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. మే నెల మధ్యాహ్నం అది చాలదు, ఒప్పుకుంటాను. అప్పుడు బండి తీయను.

రంగు జోలికి వెళ్లలేదు. డోరు పిడి చుట్టూ చేతులు తగిలి తగిలి ప్రైమరు కనబడుతోంది, అలాగే ఉంచాను. కంపెనీ వేసిన రంగు ఒక్కసారే ఉంటుంది, గీకేస్తే ఇక లేదు. తుప్పుని మాత్రం ఊరుకోను. మా వైపు వానలు ఎక్కువ. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న కన్నాలుంటాయి, మట్టితో పూడిపోతే నీళ్లు లోపలే నిలిచి రేకు తినేస్తుంది. వానలకి ముందు సైకిలు పుల్లతో వాటిని పొడిచి తెరవడం నా పని. కొత్తరంగు మీద పెట్టే డబ్బుకంటే ఈ పుల్ల ఎక్కువ కాపాడింది.

గీత దాటిన పని ఒకటుంది. ఈ కార్లకి సీటు బెల్టులు లేవు. ముందు సీటుకి నడుము బెల్టులు పెట్టాలంటే ఫ్లోరుకి కన్నాలు వేసి, కింద ఉక్కు పలకలు బిగించాలి. వేయించాను. మనవరాలు ముందు సీటులోనే కూర్చుంటానంటుంది, ఒరిజినాలిటీ గురించి దానికి చెప్పి లాభం లేదు. మా మావయ్య కొడుకు చూసి మొహం ముడుచుకున్నాడు. అల్లాయ్ వీల్స్‌కి బదులుగా మా వాడు బ్లూటూత్ పెట్టె ఒకటి సీటు కింద దాచుకున్నాడు, దాని మీద ఇద్దరం రాజీపడ్డాం.

మా చుట్టుపక్కల ఎవరైనా మార్క్ 2 కొనాలనుకుంటే ఒక మాట. 2014 మేలో అంబాసిడర్లు చేసే ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ ఆగిపోయినా, ఇంజను, గేరుబాక్సు, బ్రేకు సామానుకి ఇంకా లోటు లేదు. కలకత్తా టాక్సీల పుణ్యమా అని అక్కడి బండి సామాన్ల సంత మల్లిక్ బజార్‌లో గుట్టలు ఉన్నాయి, పలాసకి రైలు పార్సిల్లో తెప్పించుకోవచ్చు. దొరకనివి మార్క్ 2 ముఖం సామాన్లు: చిన్న గళ్ల గ్రిల్, బంపర్లు, వెనక లైట్ల గాజులు, డాష్‌బోర్డు, స్పీడోమీటర్. ఆ టాక్సీలన్నీ తర్వాతి మోడళ్లు, వాటివి దీనికి కూర్చోవు. బండిని మోడిఫై చేసేవాళ్లు మొదట పీకి పారేసేవి కూడా ఇవే. కాబట్టి బేరానికి వెళ్లినప్పుడు ముందు ఇవన్నీ ఉన్నాయా చూడండి, తర్వాత డిక్కీలో మ్యాట్ ఎత్తి కింద రేకు చూడండి. ఇంజను పొగ చిమ్ముతుంటే బేరం ఇంకాస్త తగ్గించి అడగండి, దానికి వైద్యం ఉంది.