గ్రహాంతర సంకరం: జ్ఞాపకం మాట వినాలా, ఎముక మాటా?

2023 సెప్టెంబరులో మెక్సికో పార్లమెంటులో మూడేసి వేళ్ళున్న రెండు ఎండు శవాలను పెట్టెల్లో పెట్టి చూపించిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలూ అదే అడుగుతారు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో రిటైరైన మాస్టార్లూ అదే అడుగుతారు. మనిషికీ గ్రహాంతరవాసికీ పుట్టినవాళ్ళు ఉన్నారా? నమ్మొచ్చా?

దేన్ని చూసి నమ్మమంటున్నారో ముందు తేల్చుకోవాలి. ఈ వాదం చేసేవాళ్ళు చూపించే ఆధారాల్లో పెద్దవి రెండు. తమను ఎత్తుకుపోయారని చెప్పేవాళ్ళ జ్ఞాపకాలు ఒకటి, ఎక్కడెక్కడో దొరికిన ఎముకలు రెండోది. రక్తం గ్రూపులూ పురాణాలూ కూడా తెస్తారు గానీ వాటికి చివర్లో రెండు ముక్కలు చాలు.

జ్ఞాపకాల తరఫున గట్టిగా వాదించింది మా పై ఫ్లోర్‌లో ఉండే కడప కుర్రాడు. "అన్నా, వాళ్ళకి డబ్బు రాలేదు, పైగా నవ్వులపాలయ్యారు. అబద్ధం ఎందుకు చెప్తారు?" అన్నాడు. మంచి ప్రశ్న. 1957 అక్టోబరులో బ్రెజిల్లో విలాస్ బోయాస్ అనే 23 ఏళ్ళ రైతు, రాత్రిపూట పొలం దున్నుతుంటే తనను ఒక వాహనంలోకి లాక్కెళ్ళారనీ, అక్కడ ఒక స్త్రీతో గడిపాననీ, పోతూ పోతూ ఆమె తన పొట్టనూ ఆకాశాన్నీ చూపించిందనీ చెప్పాడు. తర్వాత లాయరయ్యాడు, పెళ్ళాం పిల్లలతో బతికాడు, ఆ మాట మాత్రం మార్చలేదు. అతన్ని హిప్నటైజ్ చేసి చెప్పించిందీ లేదు. జ్ఞాపకాల్లో ఇంతకంటే బలమైనది నాకు కనిపించలేదు.

ఆ తర్వాతి కథలు అంత బలంగా ఉండవు. అమెరికాలో బెట్టీ, బార్నీ హిల్ దంపతులు 1961లో కెనడా నుంచి ఇంటికి కార్లో వస్తూ ఆకాశంలో ఏదో చూశారు. వాహనంలోకి తీసుకెళ్ళి పరీక్షలు చేశారన్న వివరాలన్నీ 1964లో హిప్నాసిస్‌లో వచ్చాయి. ఆ హిప్నాసిస్ చేసిన బోస్టన్ డాక్టరు బెంజమిన్ సైమనే, బెట్టీకి వచ్చిన కలలు బార్నీ కథలోకి దిగాయని తేల్చాడు. ఇక 1980ల నుంచి సంకర శిశువుల కథలు వరదలా వచ్చాయి. వాటిని హిప్నాసిస్‌తో ఎక్కువగా వెలికితీసిన ఇద్దరిలో బడ్ హాప్కిన్స్ చిత్రకారుడు, డేవిడ్ జేకబ్స్ చరిత్ర ప్రొఫెసరు. మగతలో ఉన్న మనిషిని "అక్కడ పాప కనిపించిందా?" అని అడిగితే, పాప కనిపించకుండా ఎలా ఉంటుంది?

అయినా వీళ్ళు అబద్ధాలకోర్లని నేనను. హార్వర్డ్‌లో రిచర్డ్ మెక్‌నాలీ బృందం, తమను ఎత్తుకుపోయారని నమ్మేవాళ్ళకు వాళ్ళు చెప్పిన సంగతులనే రికార్డు చేసి వినిపించి, గుండె వేగం, చెమట కొలిచింది. నిజమైన ఘోరాలు అనుభవించి కుంగిపోయినవాళ్ళలో ఎంత కనిపిస్తుందో వీళ్ళలోనూ అంత కనిపించింది. ఆ ఫలితం 2004లో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు అదే బృందంలోని సూసన్ క్లాన్సీ, కొన్ని పదాలు చూపించి తర్వాత అడిగితే, జాబితాలో లేని పదాలను కూడా ఉన్నాయన్నది ఈ జ్ఞాపకాలున్నవాళ్ళే ఎక్కువ. ఈ రెండూ కలిపి చూస్తే కుర్రాడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అబద్ధం చెప్పకుండానే జరగనిది చెప్పొచ్చు. జ్ఞాపకంతో నాకున్న ఇబ్బంది కూడా ఇదే. అది తప్పయితే, తప్పని ఎవరు తేల్చాలి? చెప్పేవాడికే తెలియదు కదా.

ఎముక దగ్గర ఈ బాధ లేదు. లాబ్‌కి ఇస్తే తనను నమ్మినవాడికే ఎదురు తిరుగుతుంది.

మెక్సికోలో దొరికిందనే 'స్టార్‌చైల్డ్' పుర్రెను చూడండి. తల్లి మనిషి, తండ్రి గ్రహాంతరవాసి అని లాయిడ్ పై అనే ఆయన ఏళ్ళ తరబడి ఊరూరా చెప్పాడు. 1999లో డీఎన్ఏ తీస్తే మనిషి ఎక్స్, వై క్రోమోజోములు రెండూ కనిపించాయి. వై వచ్చేది తండ్రి నుంచే. ముట్టుకున్నవాళ్ళ డీఎన్ఏ కలిసిందని ఆయన పక్షం వాదించింది. 2003లో మరో లాబ్ తల్లివైపు డీఎన్ఏ తీసింది, అది అమెరికా ఆదివాసీలలో ఉండే రకం. పుర్రె ఆకారానికి, తలలో నీరు చేరే జబ్బుతో పోయిన పసివాడన్న వివరణ సరిపోతుంది.

చిలీలోని అటకామా ఎడారిలో 2003లో దొరికిన 'అటా' కథ ఇంకా బాధగా ఉంటుంది. పొడవు 15 సెంటీమీటర్లు, పక్కటెముకలు పన్నెండు జతలకు బదులు పది. 2018లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్యారీ నోలన్ బృందం పూర్తి జన్యుపటం తీసి, ఆడశిశువు, చిలీ ప్రాంతపు మనిషి బిడ్డేనని చెప్పింది. ఎముకల జబ్బులకు సంబంధించిన జన్యు మార్పులున్నాయని కూడా అంది. ఆ రెండో మాటను వేరే శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. నెలలు నిండని పిండం ఎముకలు అలాగే ఉంటాయన్నారు. చిలీవాళ్ళకు వచ్చిన కోపం వేరు: మా బిడ్డ శవాన్ని దొంగతనంగా తవ్వి, అమ్మి, అనుమతి లేకుండా పరీక్షలు చేస్తారా అని. ఆ కోపం న్యాయమే.

మెక్సికోలో చూపించినవాటి లాంటి బొమ్మలు రెండు లిమా విమానాశ్రయంలో కస్టమ్స్‌కి దొరికాయి. జంతువుల, పక్షుల ఎముకలను ఈ కాలపు జిగురుతో అతికించి చేసినవని 2024 జనవరిలో పెరూ నిపుణులు చెప్పారు.

"వింత ఫలితం వస్తే శాస్త్రవేత్తలు దాచేస్తారు" అనేవాళ్ళకు రెండు ఎముకల కథలు చెప్తాను. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఒక చిన్న ముక్క, సుమారు 90,000 ఏళ్ళ కిందటి అమ్మాయిది. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్, అంటే అంతరించిపోయిన రెండు వేర్వేరు మానవ జాతులవాళ్ళు! 2018లో స్వాంటే పాబో బృందం ప్రకటించింది, నాలుగేళ్ళకు ఆయనకు నోబెల్ వచ్చింది. రెండోది మనదే. రూప్‌కుండ్ సరస్సు దగ్గరి అస్థిపంజరాల్లో 38 పరీక్షించి, అందులో 14 తూర్పు మధ్యధరా ప్రాంతపు జనానివని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీవాళ్ళు తోటి లాబ్‌లతో కలిసి 2019లో చెప్పారు. హిమాలయాల్లో వాళ్ళకేం పనో ఇప్పటికీ అంతుపట్టలేదు. అంతుపట్టకపోయినా అచ్చువేశారు. నిజంగా సంకరం జరిగితే డీఎన్ఏలో సగం ఇటు, సగం అటు కనపడి తీరుతుంది. గ్రహాంతర సంకరానికి అలాంటి ముక్క ఒక్కటి కూడా రాలేదు.

సంశయవాదుల్లో కొందరు పరీక్షే అక్కర్లేదంటారు. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిదకే సాధారణంగా పిల్లలు పుట్టవు, వేరే గ్రహంలో పుట్టిన జీవితో మనకు సంకరమేమిటని. ఆ లెక్కన ఈ భూమ్మీదే పుట్టిన అనంతపురం వేరుశనగ మొక్కే మనకు దగ్గరి చుట్టం. తర్కం నాకూ నచ్చుతుంది గానీ, ఎదుటివాడు ఎముక పట్టుకొచ్చినప్పుడు తర్కం చెప్పి పంపేయడం బద్ధకం. బసవనగుడి నేషనల్ కాలేజీలో సైన్స్ ఫోరం పెట్టిన హెచ్. నరసింహయ్య గారు కూడా 1976లో మహిమల మీద కమిటీ వేసింది పరీక్షించి చూద్దామనే.

రక్తం గ్రూపు: గ్రహాంతరవాసుల నుంచి వచ్చిందని వీళ్ళు చెప్పే ఆర్‌హెచ్ నెగటివ్ అంటే ఒక జన్యువు లేకపోవడమో పనిచేయకపోవడమో, అంతే. మన దేశంలో సుమారు నూటికి ఐదుగురున్నారు. నెగటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డకు వచ్చే ఇబ్బందిని యాంటీ-డి ఇంజెక్షన్ ఆపుతుంది. పురాణాలు: ఘటోత్కచుణ్ణి లాబ్‌కి పంపలేం.

కాబట్టి రెండిట్లో నా ఓటు ఎముకకే. జ్ఞాపకాన్ని మాత్రం ఎగతాళి చేయకండి. రాత్రి షిఫ్టులు చేసి పగలు పడుకునే మన పిల్లల్లో, మెలకువ వచ్చినా ఒళ్ళు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉందనేవాళ్ళున్నారు. స్లీప్ పెరాలిసిస్ అంటారు దాన్ని. ఊళ్ళో దయ్యం అనేవాళ్ళం, ఇక్కడ ఏలియన్ అంటున్నారు. ఒకసారి వస్తే కంగారు లేదు. మాటిమాటికీ వస్తుంటే హిప్నాసిస్‌తో గతం తవ్విస్తామనే సెంటర్లకు వేలు పోయకుండా, మానసిక, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకోండి.