విశాఖ డాబా మీద ద్రాక్ష: థామ్సనా, బెంగళూరు బ్లూనా?

చాలామంది నర్సరీకి వెళ్లగానే థామ్సన్ సీడ్‌లెస్ రకమే కావాలని అడుగుతారు. గింజ ఉండదు, తీపిలో తిరుగులేదు, బాగా పండితే 20 బ్రిక్స్ (రసంలో తీపిని కొలిచే లెక్క) దాటుతుంది. కానీ ఎంవీపీ కాలనీలాంటి సముద్రపు తేమ చోట దాన్ని తెగుళ్లు వదలవు. వానల్లో లేత ఆకు మీద ముదురు అంచు, మధ్యలో బూడిద రంగుతో చిన్న మచ్చ కనబడిందా, అది పక్షికన్ను తెగులే. తర్వాత అక్కడ చిల్లు పడుతుంది. పైగా కత్తిరించేటప్పుడు కొమ్మకు 8–10 కళ్లు (చిగురు వచ్చే మొగ్గలు) ఉంచకపోతే గుత్తులు సరిగా రావు.

బెంగళూరు బ్లూ పక్షికన్నునీ తుప్పు తెగులునీ తట్టుకుంటుంది. కురచగా కత్తిరించినా కాస్తుంది. గింజలుంటాయి, నిజమే, రసానికి మాత్రం భేష్. బూజు తెగులు దీనికీ వస్తుంది కాబట్టి ఆకు తిప్పి అడుగున తెల్లటి నూగు ఉందేమో చూస్తుండాలి. మన విశాఖకు నేనైతే దీన్నే నాటమంటాను. కాపు కోసం చేసే అక్టోబరు కత్తిరింపు మాత్రం తుఫాను కబురు చూసుకుని చెయ్యండి.