కొడుకు హాస్టల్లో, అమ్మ వేళచ్చేరిలో: ఏది మేలు?

సీటు ఖాయమైన రోజే ఒంగోలు నుంచి మా వదిన ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ వేళచ్చేరిలో రెండు పడకగదుల ఇల్లు ఏదైనా ఉంటే చూసిపెట్టు. ఈ ఏడాది నేనూ అక్కడే ఉంటా. మీ అన్నయ్య కూడా సరేనన్నారు. వీడికి తల దువ్వుకోవడం కూడా నేనే గుర్తుచేయాలి" అంది. వీడంటే మా మేనల్లుడు. ఐఐటీ మద్రాసులో బీటెక్ సీటు వచ్చింది.

ఇలాంటి ఫోన్లు నాకు ఏటా ఒకటో రెండో వస్తాయి. పద్దెనిమిదేళ్ళుగా చెన్నైలో, ఆ క్యాంపస్ పక్కనే ఉన్న వేళచ్చేరిలో ఉంటున్నాం. మా అమ్మాయి కూడా అక్కడే చదువుకుంది. అందుకని తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళు కూడా నన్ను అడుగుతారు. పిల్లను హాస్టల్లో దించి వెనక్కి వెళ్ళిపోవాలా? దగ్గర్లో ఇల్లు తీసుకుని అమ్మ ఉండిపోవాలా? లేదంటే ఊళ్ళో ఉన్న చుట్టాల ఇంటికి శని, ఆదివారాలు పంపితే చాలా?

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఐఐటీలో బీటెక్ పిల్లలు క్యాంపస్ లోపల హాస్టల్లోనే ఉంటారు. మనం బయట ఎంత మంచి ఇల్లు తీసుకున్నా వారమంతా ఆ ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే.

డబ్బు లెక్క చూద్దాం. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు 2016లో ఏడాదికి 2 లక్షలు చేశారు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్నవాళ్ళకూ మాఫీయే. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గిస్తారు. మా వీధిలో రెండు పడకగదుల ఇల్లు నెలకు 20,000కు తక్కువ దొరకదు. అంటే ఏడాది అద్దె ట్యూషన్ ఫీజునే దాటిపోతుంది. ఆపైన అడ్వాన్సు. చట్టం మూడు నెలల అద్దె అంటున్నా ఐదారు నెలలు అడిగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ కొత్తగా గ్యాసు, గిన్నెలు, మంచాలు. అక్కడ నాన్నకి హోటల్ భోజనం. ఫీజులో రాయితీ వచ్చిన కుటుంబం ఒకటి అప్పు తెచ్చి ఇక్కడ అద్దె కట్టింది. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

అయినా డబ్బు చిన్న విషయమే. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఇంట్లోకి ఖమ్మం వైపు నుంచి ఒకావిడ ఇలాగే వచ్చారు. రోజూ సాయంత్రం ఐదింటికి కుక్కర్ పెట్టేవారు. ఏడయ్యేసరికి నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని క్యాంపస్ గేటు దగ్గర నిలబడేవారు. ఒకరోజు నేనూ తోడు వెళ్ళాను. అబ్బాయి సైకిల్ మీద వచ్చాడు. ప్రహరీ గోడ పక్కన నిలబడే పప్పన్నం, బెండకాయ వేపుడు తిన్నాడు. ఆవిడ మూత మీద పెరుగన్నం పెట్టి, "ఇంకొక్క ముద్ద నాన్నా" అంటున్నారు. వాడి జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, స్నేహితులంతా ఎక్కడో కలుస్తున్నారట. తినేసి వెళ్ళాడు. అక్టోబరు వచ్చేసరికి "అమ్మా, ఇవాళ వద్దు" అనడం మొదలైంది. ఆవిడ మాత్రం వండటం మానలేదు. ఒక్కోరోజు ఆ క్యారేజీ మా ఇంటికి వచ్చేది. తప్పు ఆవిడదీ కాదు, పిల్లవాడిదీ కాదు. ఆ వయసు వాడికి స్నేహితులు దొరికే మొదటి నాలుగు నెలలు అవి. రోజూ ఆ ఏడు గంటల వేళే ఆవిడ వాణ్ణి గేటు దగ్గరికి పిలిచేవారు.

అందుకే నా ఓటు హాస్టల్‌కి. అలాగని దించేసి అదే రాత్రి రైలెక్కమని అనను.

మన పిల్లలు వచ్చేది ఎక్కడి నుంచో ఆలోచించండి. రెండేళ్ళు ఇంటర్ హాస్టల్. పొద్దున్న ఐదింటికి లేపడానికి ఒకరు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడానికి ఒకరు, ఫోన్ లేదు, ఆదివారం కూడా పరీక్ష. ఆ రెండేళ్ళలో పిల్లవాడు తన సమయాన్ని తానే వాడుకున్న గంట ఒక్కటైనా ఉందా? ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే లేపేవాళ్ళు ఉండరు, పడుకోమనేవాళ్ళు ఉండరు. సుమారు 600 ఎకరాల క్యాంపస్, చెట్లు, జింకలు, అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండే స్నేహితులు. మన వైపు పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే, లెక్కల్లో కాదు.

కాబట్టి తయారీ అంతా సీటు వచ్చాక, చేరకముందు, ఇంట్లోనే జరగాలి. అలారం పెట్టుకుని తనే లేవాలి, మీరు లేపకూడదు. తన బట్టలు బకెట్లో నానబెట్టి తనే ఉతుక్కోవాలి. నెలకింత అని ఖాతాలో వేసి, ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఆ పది రోజులూ ఎలా గడపాలో ఇంట్లో ఉండగానే తెలుసుకోవాలి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళి ఎన్ని రోజులనుంచో, ఏ మాత్ర వేసుకున్నాడో చెప్పగలగాలి. మా అమ్మాయికి ఇవన్నీ నేర్పాననుకున్నాను, కానీ పోస్టాఫీసులో పార్సిల్ ఎలా పంపాలో తెలియక మొదటి నెలలో నాకే ఫోన్ చేసింది. తిండి సామాను పంపేవాళ్ళకు ఒక మాట: క్యాంపస్‌లో కోతులు ఎక్కువ. కిటికీ తీసి ఉంచితే సున్నుండల డబ్బా మిగలదు. గట్టి మూత డబ్బాల్లో పొడులూ పచ్చళ్ళూ ఇవ్వండి చాలు.

మార్కుల సంగతి తల్లిదండ్రులే ముందు తెలుసుకోవాలి. ఐఐటీ మద్రాసులో సెమిస్టరు మధ్యలో క్విజ్‌లనే చిన్న పరీక్షలు రెండు, చివర ఎండ్‌సెమ్ అనే పెద్ద పరీక్ష ఉంటాయి. గ్రేడు ఎస్ అంటే 10 పాయింట్లు, ఎ అంటే 9, బి అంటే 8, సి అంటే 7. అక్కడున్నవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ కాలేజీల్లో ముందు వరుస పిల్లలే. ఇంటర్లో 98 శాతం తెచ్చుకున్నవాడు మొదటి క్విజ్‌లో సగం మార్కులు కూడా తెచ్చుకోకపోవచ్చు. ఆ రాత్రి మీరు ఫోన్ చేసి "ఎన్నొచ్చాయి?" అని అడిగితే, వాడు మీకు అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు. "ఏం తిన్నావు? గదిలో పక్కబ్బాయిది ఏ ఊరు?" అని అడగండి. పక్కబ్బాయి ఊరు చెబుతూ చెబుతూ క్విజ్ సంగతి కూడా వాడే చెప్పేస్తాడు. రోజుకు నాలుగుసార్లు చేసే ఇంటికంటే రెండు రోజులకోసారి తీరిగ్గా మాట్లాడే ఇంటికే పిల్లలు ఎక్కువ చెప్పుకుంటారని నా అనుభవం.

ఇక చుట్టాల ఇల్లు. ఆ చుట్టం నేనే కాబట్టి నిజం చెబుతాను. మొదటి నెలలో చాలా పనికొస్తుంది. తమిళం రాక, వానకి తడిసి, ఏదో గుండెలో బరువుగా ఉన్న ఆదివారం ఒక తెలుగు ఇంట్లో చారన్నం తిని మధ్యాహ్నం పడుకుంటే పిల్లలు తేరుకుంటారు. కానీ దాన్ని డ్యూటీ చేయకూడదు. "ప్రతి ఆదివారం అత్త ఇంటికి వెళ్ళు" అని ఒంగోలు నుంచి హుకుం వస్తే, వాడు నా ఇంటికి అటెండెన్స్ వేయించుకోవడానికి వచ్చినట్టు వస్తాడు. వాడు రాని వారం నన్ను ఆరా తీయొద్దని వదినకు ముందే చెప్పాను.

ఇల్లు తీసుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఇన్సులిన్ తీసుకునే పిల్ల, ఫిట్స్‌కి మందులు వాడే పిల్లవాడు, అంతకుముందే డిప్రెషన్‌తో బాధపడినవాళ్ళు: ఇలాంటి ఇళ్ళల్లో అమ్మో నాన్నో మొదటి సెమిస్టరు దగ్గరుంటే ఎవరూ తప్పుపట్టకూడదు. క్యాంపస్‌లో ఆసుపత్రి ఉంది. మందుల చీటీ, పాత రిపోర్టులు అక్కడి డాక్టరుకు మొదటి వారంలోనే చూపించండి. మనసు బాగోలేదని పిల్లలు మీతో చెప్పలేకపోతే 14416కి ఫోన్ చేయవచ్చని వాళ్ళకు తెలియాలి. అది కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇల్లు చూసేటప్పుడు మాత్రం వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోకండి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకూ ఈ వీధుల్లోకి నీళ్ళొచ్చాయి.

వదినకు ఇదంతా ఒకేసారి చెప్పలేదు. "ముందు పది రోజులు మా ఇంట్లో ఉండండి, ఆ తర్వాత ఇల్లు చూద్దాం" అన్నాను. వచ్చింది. మొదటి మూడు రోజులు గేటు దాకా వెళ్ళొచ్చింది. నాలుగో రోజు వాడే ఫోన్ చేసి, సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నాననీ, బేరమాడి మూడు వందలు తగ్గించాననీ చెప్పాడు. వదిన ఫోన్ పెట్టేసి కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. తొమ్మిదో రోజు పినాకిని రైలుకి టికెట్ తీయమంది. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకి వాళ్ళింటికి ఫోన్ చేస్తే లైను బిజీ వస్తుంది. ఆ సమయంలో చేయడం మానేశాను.