గుండ్రటి డాలా, నిలువు డాలా? తొలినాటి రోమన్ సైనికుడికి ఏది మేలు?

తొలినాళ్లలో రోమన్ పౌరుడు ఆయుధాలు తన డబ్బుతోనే కొనుక్కోవాలి. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన ఆస్తి తరగతుల్లో అందరికన్నా ఆస్తిపరుడికి కంచు శిరస్త్రాణం, ఛాతీ కవచం, కాలి తొడుగులు, క్లిపియస్ అనే గుండ్రటి డాలు. రెండో తరగతివాడికి ఛాతీ కవచం ఉండదు, చేతిలో స్కూటమ్ అనే నిలువు డాలు. కవచం కొనలేనివాడికి డాలే కవచం అన్నమాట. చివరికి సైన్యం మొత్తం మారింది ఈ రెండో డాలుకే.

క్లిపియస్ గ్రీకు తరహాది. లోతుగా తొలిచిన చెక్క, పైన పల్చటి కంచు రేకు. అడ్డం సుమారు 90 సెం.మీ., బరువు 6-8 కిలోలు. మధ్యలో ఉన్న పట్టీలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అంచు దగ్గరి పిడిని పట్టుకోవాలి. అంచు భుజానికి ఆనుతుంది కాబట్టి ఎక్కువసేపు మోయొచ్చు. ఇబ్బంది వేరేచోట ఉంది. మోచెయ్యి డాలు నడిమధ్యన ఉండటంతో సగం డాలు ఎడమపక్కకు పోతుంది, అది కాచేది పక్కవాడిని. మన కుడిపక్కను కాచేది కుడివైపువాడి డాలు. అందుకే ప్రతివాడూ కుడికి ఒదుగుతాడు, వరుస మొత్తం కుడికి జరిగిపోతుంది. ఈ సంగతి గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీసే రాశాడు. గుట్టల్లో వరుస చెదిరితే ఇక ఈ డాలుతో ఒంటరిగా నెగ్గుకురావడం కష్టం.

స్కూటమ్ కొలతలు గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ ఇచ్చాడు: రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు. ఈజిప్టులోని ఫయూమ్‌లో దొరికిన డాలు 128 సెం.మీ. పొడవు, 63.5 సెం.మీ. వెడల్పు. భూర్జ చెక్క బద్దలను మూడు పొరలుగా, ఒకదానికొకటి అడ్డంగా అతికించారు. నేటి ప్లైవుడ్ పద్ధతే. (సినిమాల్లో కనిపించే దీర్ఘచతురస్రపు డాలు సామ్రాజ్య కాలానిది, అప్పటిది కోలగా ఉండేది.) పైఅంచుకు ఇనుప పట్టీ కత్తివేటును ఆపడానికి, కింది అంచుకు నేల మీద ఆనించినప్పుడు అరగకుండా ఉండటానికి.

అసలు తేడా పిడిలో ఉంది. స్కూటమ్‌కు నడుమ ఒక్కటే అడ్డ పిడి. దానివల్ల చెయ్యి చాచి ముందుబొడిపెతో ఎదుటివాణ్ని గుద్ది, వాడు తూలేలోగా కత్తితో పొడవొచ్చు. మోచేతికి బిగిసిన క్లిపియస్‌తో అంత దూరం కుదరదు. కాకపోతే బరువంతా ఒక్క పిడికిలి మీదే పడుతుంది. ఫయూమ్ నమూనాతో చేసిన నకలు డాలు 10 కిలోలు తూగింది. తడిస్తే జిగురు వదిలి పొరలు విడిపోతాయి, పైన తోలు కప్పాల్సిందే. విసిరిన బల్లెం దిగబడిందా, ఆ డాలు ఇక మోయలేం.

కాబట్టి రెండు పక్కలా అడ్డు ఉన్న చదును నేల, చేతిలో పొడవాటి ఈటె, కదలకుండా నిలబడే పోరు అయితే క్లిపియస్సే నయం. ముందు పైలమ్ అనే విసురు బల్లెం విసిరి, ఆపైన కత్తి దూసి, మనిషికీ మనిషికీ మధ్య మూడడుగుల ఎడం ఉంచి పోరాడే మానిపుల్ అనే చిన్న దళాల పద్ధతిలో మాత్రం అది పనికిరాదు. పక్కవాడు అంత దూరంలో ఉంటే డాలులో సగం ఎవరినీ కాయదు.