ఊదారంగు పైపు నీళ్లు: ఫ్లష్‌కు బంగారం, కూలింగ్ టవర్‌కు జాగ్రత్త

మురుగునీటిని శుద్ధి చేసి, తాగునీటి లైను పక్కనే వేరే పైపులో భవనాలకు ఇచ్చే సేవ ఇది. కాలిఫోర్నియాలోని ఇర్విన్ రాంచ్‌లో మొదలైన ఊదారంగు ఇప్పుడు చాలా నగరాల్లో ఈ పైపుకు గుర్తు.

ఫ్లష్‌కు ఇంతకన్నా తగిన నీరు లేదు. ఇంటి లోపల వాడే నీళ్లలో దాదాపు పావు వంతు ఫ్లష్‌కే పోతాయి, అదీ ఏడాది పొడవునా. తోట అలా కాదు, నాలుగు వానలు పడితే వాడకం ఆగిపోతుంది. తోటలకే పరిమితమైన కనెక్షన్‌తో తాగునీరు పెద్దగా మిగలదు.

నీరు తేటగా ఉందని సరిపెట్టుకోకండి, ల్యాబ్ రిపోర్టు అడగండి. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం ఇసుక ఫిల్టర్ దాటిన నీటి మడ్డితనం సగటున 2 ఎన్‌టీయూ (మడ్డితనానికి కొలమానం) మించకూడదు. మురుగు కలిసిందేమో చెప్పే కోలిఫాం బ్యాక్టీరియా మొత్తం సంఖ్య మధ్యస్థ విలువ 100 మి.లీ.కి 2.2 దాటకూడదు. పోల్చి చూసుకోవడానికి ఈ కొలతలు బాగా పనికొస్తాయి.

వాసన వస్తోందంటే తప్పు చాలాసార్లు ప్లాంటుది కాదు, మన ట్యాంకుది. నీళ్లు రోజుల తరబడి నిలవుంటే క్లోరిన్ తగ్గిపోయి గోడలకు జిగురు పడుతుంది. ఒక రోజు వాడకానికి సరిపడే ట్యాంకు చాలు.

అన్నిటికన్నా ప్రమాదం, రెండు లైన్లు ఎక్కడో కలిసిపోవడం. దాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది: ముందు ఊదా లైను కట్టేసి, అందులోని నీళ్లు పూర్తిగా వదిలేయాలి. తాగునీటి లైనులో ప్రెషర్ ఉంచి, ప్రతి ఊదా ట్యాప్ విప్పి చూడాలి. కాసేపటికీ ధార ఆగకపోతే రెండూ కలిసినట్టే. తర్వాత ఇదే పరీక్ష తిరగేసి చేయాలి. ప్లంబింగ్‌లో ఏ చిన్న మార్పు జరిగినా దీన్ని మళ్లీ చేయాల్సిందే; ఇందులో రాజీ వద్దు. ఫ్లష్ ట్యాంకులోకి తాగునీరు కూడా పెడుతుంటే, పైపు మూతికీ ట్యాంకు పొర్లే మట్టానికీ మధ్య పైపు వ్యాసానికి రెట్టింపు ఖాళీ ఉండాలి, ఎంత చిన్న పైపయినా 25 మి.మీ. తగ్గకూడదు.

కూలింగ్ టవర్‌కు (పెద్ద ఏసీలు, యంత్రాల వేడిని నీళ్లతో బయటకు పంపే ఏర్పాటు) ఈ నీళ్లు తీసుకునేవాళ్లు అమ్మోనియా, ఫాస్ఫేట్ అంకెలు ముందే చూసుకోవాలి. అమ్మోనియా రాగి, ఇత్తడి భాగాలను తినేస్తుంది; ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి గట్టి పొలుసుగా పేరుకుంటుంది. సింగపూర్‌లో మురుగునీటిని శుద్ధి చేసి ఇచ్చే ‘నీవాటర్’లా మైక్రోఫిల్టర్, ఆర్‌ఓ, అతినీలలోహిత కిరణాలు మూడూ దాటిన నీటితో ఈ బెడద చాలావరకు తప్పుతుంది. అక్కడ చిప్ ఫ్యాక్టరీలు సైతం 2003 నుంచి ఆ నీటినే వాడుతున్నాయి.