క్లామిడోమోనాస్‌లో జన్యువును తీసేయాలంటే ఏది మేలు: క్లిప్ లైబ్రరీనా, క్రిస్పరా?

క్లామిడోమోనాస్ అనే ఏకకణ ఆకుపచ్చ నాచు మీద కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు పదేపదే అడిగేది ఇదే: "నాకు కావలసిన జన్యువుకు క్లిప్ లైబ్రరీలో మ్యూటెంట్ ఉంది. దాన్ని తెప్పించుకోనా, క్రిస్పర్‌తో నేనే చేసుకోనా?" క్లిప్ అంటే ఈ నాచు జన్యువుల్లో డీఎన్ఏ ముక్క దూర్చి చేసిన మ్యూటెంట్ల సేకరణ, క్రిస్పర్ అంటే కోరుకున్న చోట డీఎన్ఏను కోసే పద్ధతి. ఈ మధ్య మా ల్యాబ్‌లోనూ ఇదే చర్చ నడిచింది. చివరికి క్రిస్పర్ వైపే మొగ్గాం.

అలాగని లైబ్రరీని తక్కువ చేయడం లేదు. 2019 నాటికి అందులో 62,389 మ్యూటెంట్లు చేరాయి. కేంద్రకంలో ప్రోటీన్లకు సంబంధించిన జన్యువుల్లో 83 శాతానికి కనీసం ఒక్క మ్యూటెంట్ అయినా దొరుకుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని క్లామిడోమోనాస్ రిసోర్స్ సెంటర్‌కు ఆర్డర్ పెడితే చాలు, ఎవరో కష్టపడి చేసిపెట్టింది మన చేతికొస్తుంది. ఏ జన్యువు కావాలో తెలియక వెతుకుతున్న దశలో అయితే దీనికి పోటీయే లేదు. ప్రతి మ్యూటెంట్‌కూ బార్‌కోడ్ (గుర్తుపట్టడానికి చిన్న డీఎన్ఏ వరుస) ఉంది కాబట్టి వేలాది మ్యూటెంట్లను ఒకే ఫ్లాస్కులో పెంచి, ఏవి మిగిలాయో, ఏవి వెనకబడ్డాయో లెక్కపెట్టొచ్చు. క్రిస్పర్‌తో ఆ పని ఒక జన్మకు తేలదు.

పేచీ అంతా మ్యూటెంట్ చేతికొచ్చాక మొదలవుతుంది. కణం సరిగా ఈదడం లేదు, లేదా ఎక్కువ వెలుగులో చచ్చిపోతోంది. అది ఆ జన్యువు పోయినందువల్లే అని రుజువు చేయడం ఎలా? నా దృష్టిలో ఏది ఎంచుకోవాలో తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే.

క్లామిడోమోనాస్ కేంద్రకంలోకి పంపిన డీఎన్ఏ తనకు పోలిక ఉన్న చోటికే వెళ్లదు, ఎక్కడ వీలైతే అక్కడ అతుక్కుంటుంది. అందుకే లైబ్రరీ మ్యూటెంట్‌లో మనకు తెలిసిన చోటే కాక ఇంకోచోట కూడా ఒక ముక్క దూరి ఉండొచ్చు. దూరిన చోట పక్కనున్న డీఎన్ఏ కొంత ఎగిరిపోయి ఉండొచ్చు. ఇంట్రాన్‌లోనో (ప్రోటీన్‌కు అక్కర్లేక కత్తిరించుకుపోయే భాగం), జన్యువు చివరి భాగంలోనో పడితే ప్రోటీన్ యథాతథంగా తయారవుతూ ఉండొచ్చు కూడా. అనుమానం తీరాలంటే బ్యాక్‌క్రాస్ చేసి (మామూలు కణంతో సంకరం చేసి), లోపమూ, దూరిన ముక్క ఇచ్చే పరోమోమైసిన్ యాంటీబయాటిక్ నిరోధకతా పిల్లకణాల్లో కలిసే వస్తున్నాయో లేదో చూడాలి. లేదా జన్యువును తిరిగి లోపలపెట్టి లోపం సరిదిద్దాలి. ఈ రెండోది చెప్పినంత తేలిక కాదు. ఇక్కడి జన్యువుల నిండా ఇంట్రాన్లే, పైగా జీనోమ్‌లో 64 శాతం జీ, సీ అక్షరాలే. క్లోనింగ్‌కే తల ప్రాణం తోకకొస్తుంది. తీరా పెట్టాక కణం ఆ జన్యువును నోరు మూయించేస్తుంది. ఈ బాధ తగ్గించడానికే యూవీఎం4 లాంటి స్ట్రెయిన్లు (పెట్టిన జన్యువును అంతగా అణచని కణవంశాలు) వచ్చాయి, కానీ లైబ్రరీ మ్యూటెంట్లు ఆ స్ట్రెయిన్‌లో లేవు.

క్రిస్పర్ గెలిచేది ఇక్కడే. 2014లో డీఎన్ఏను కోసే కాస్9 ప్రోటీన్‌ను కణంలోనే తయారుచేయించినప్పుడు అది కణానికే విషమైంది. 2016 నుంచి ప్రోటీన్‌నూ, ఎక్కడ కోయాలో చూపే గైడ్ ఆర్ఎన్ఏనూ బయటే కలిపి, ఎలక్ట్రోపొరేషన్‌తో (విద్యుత్ షాక్‌తో) నేరుగా లోపలికి పంపుతున్నారు. దాంతోపాటు యాంటీబయాటిక్ మార్కర్ (మందును తట్టుకునే జన్యువు) కూడా పంపితే చాలాసార్లు అది కోత పడిన చోటే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత మిగిలింది కాలనీలు ఏరి పీసీఆర్‌తో ఆ చోటి డీఎన్ఏను పరీక్షించడమే. తల్లి స్ట్రెయిన్ ఏదో మన ఇష్టం: కశాభాల మీద పనైతే బాగా ఈదేది, జన్యువు తిరిగి పెట్టాలనుకుంటే యూవీఎం4. వేర్వేరు గైడ్లతో ఒకే జన్యువును రెండు మూడు చోట్ల విడివిడిగా కోయొచ్చు. అన్నిట్లోనూ అదే లోపం కనిపిస్తే పత్రికలో మన వ్యాసాన్ని పరిశీలించే సమీక్షకుడి నోటికి సగం తాళం పడ్డట్టే.

ఖర్చు మాత్రం ఉంది. కొన్ని జన్యువులు ఓ పట్టాన కోతకు దొరకవు. కణకవచం ఉన్న స్ట్రెయిన్ అయితే ముందు ఆటోలైసిన్ అనే ఎంజైమ్‌తో దాన్ని ఊడదీయాలి. మార్కర్ వేరేచోట కూడా అతుక్కునే ప్రమాదం ఇక్కడా ఉంది, కాబట్టి దాన్ని ఎంత తక్కువ వేస్తే అంత మంచిది. పది పదిహేను జన్యువులను పైపైన చూసి రావాలంటే ఇంత శ్రమ దండగ, లైబ్రరీ నుంచే తెప్పించుకోండి. మన దేశంలో బయోసేఫ్టీ కమిటీ అనుమతి రెండిటికీ కావాలి. లైబ్రరీకైతే దిగుమతి కాగితాల టెన్షన్ అదనం.

జన్యువును తీసేయకుండా మైక్రో ఆర్ఎన్ఏతో అణచే పద్ధతి గురించీ అడుగుతారు. లేకపోతే కణమే బతకదనే జన్యువుకు తప్ప నేను వాడను. హరితరేణువులోని జన్యువులకైతే ఇవేవీ అక్కర్లేదు, 1988 నుంచీ జీన్ గన్ (డీఎన్ఏ పూసిన రేణువులను కణంలోకి పేల్చే పరికరం) ఉండనే ఉంది. అక్కడ డీఎన్ఏ బుద్ధిగా పోలిక ఉన్న చోటికే వెళ్తుంది. కాకపోతే హరితరేణువు జీనోమ్‌కున్న సుమారు 80 ప్రతులూ మారేదాకా ఓపిక పట్టాలి.

వీలుంటే సొంత క్రిస్పర్ మ్యూటెంట్లకు తోడుగా లైబ్రరీ నుంచి ఒకటి తెప్పించుకోవడం ఇంకా మంచిది, వేరే తల్లి స్ట్రెయిన్ నుంచి వచ్చిన సాక్ష్యం అవుతుంది. కాన్ఫిడెన్స్ లెవెల్ (ముక్క దూరిన చోటు ఎంత నమ్మదగినదో చెప్పే స్థాయి) 1 లేదా 2 ఉండి, ఎక్సాన్‌లో (ప్రోటీన్‌కు పనికొచ్చే భాగంలో) పడినదాన్నే ఎంచుకోండి. వచ్చిన వెంటనే ప్లేట్ మీద గీసి, విడి కాలనీలకు పీసీఆర్ చేశాకే ప్రయోగం మొదలుపెట్టండి.